ఎడమ పక్క బ్యాటు నాదే

ఏడో తరగతి నన్ను మూడేళ్ళు భరించి, ఇక బెంచీ అరిగిపోతుందన్న భయంతో ఇంటికి పంపించింది. అంతమాత్రాన నాకు తెలివి లేదనుకోకండి. తెలివి ఉండేది. దాని మీద అసూయ కూర్చుని లేవనిచ్చేది కాదు. ఆ అసూయ వల్లే ఒక ఆదివారం సాయంత్రం నరసరావుపేటలో మా వీధి వీధంతా చూస్తుండగా నా పరువు పోయింది. అదీ నేను తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చుని ఉండగా పోయింది. నవ్వండి, పర్లేదు. అప్పుడు నవ్వనివాళ్ళు ఎవరున్నారు గనక.

ఎనభైల్లో మాట. ఇళ్ళ మీద టీవీ యాంటెనాలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. నాది సైకిళ్ళ కొట్టు. ఎదురుగా మస్తాన్‌ది రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు. ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం, కాకపోతే వాడు లేచి ఎనిమిదికి వెళ్ళాడు. వాడి బావ కువైట్‌లో ఉండేవాడు. అక్కడివాళ్ళు పాతబడ్డాయని అవతల పడేసిన వీడియో గేము డబ్బాలను ఏరి, వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. ఆ డబ్బాలో క్యాసెట్లు మార్చటాలు అవీ ఉండవు. పుట్టుకతో వచ్చిన ఆటే దానికి చచ్చేదాకా. టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద అటొక తెల్ల గీత, ఇటొక తెల్ల గీత, మధ్యలో చదరపు బంతి. ఆ గీతలే బ్యాట్లు. నాబు తిప్పితే బ్యాటు పైకీ కిందకీ జరుగుతుంది. బంతి వదిలేస్తే అవతలివాడికి పాయింటు. ఎవరికి ముందు పదిహేను వస్తే వాళ్ళదే ఆట.

మస్తాన్ దగ్గర అట్లాంటివి నాలుగు చేరాయి. నాలుగోది చెక్క ముఖం ఉన్నది. దాన్ని వాడు తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేవాడు. వాడు బీరువాకి తాళం వేస్తుంటే ఆ తాళం నా గొంతులో తిరిగినట్టుండేది. ఆ ఆటలు చూడటానికి వాడి కొట్టు ముందు జనం మూగితే, ఇక్కడ నేను గాలి కొడుతున్న ట్యూబుకన్నా ముందు నా పొట్ట ఉబ్బేది.

ఇక ఆగలేక, గుంటూరులో ఒక పాత సామాన్ల కొట్లో నేనూ ఒక డబ్బా పట్టాను. పెళ్ళిలో మామగారు పెట్టిన చేతి గడియారం ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ తర్వాత టైమెంతయిందని మా ఆవిడ నాగేంద్రం అడిగినప్పుడల్లా ఎండ వంక చూసి చెప్పేవాణ్ణి. అంతటితో ఆగానా? మస్తాన్ ఇంటి మీద యాంటెనా పైపు ఇరవై అడుగులు. నేను ముప్ఫై అడుగులది పాతాను. దూరం నుంచి చూస్తే, ఇల్లు ఎగిరిపోకుండా పైపుకు కట్టేసినట్టుండేది.

"కోటిగా, డబ్బా ఎట్టా తగిలించాలో చూపిస్తా, ఇంటికి రానా?" అన్నాడు మస్తాన్.

"అక్కర్లా. రోజుకి వంద నట్లు బిగిస్తన్నా. రెండు తీగలు బిగించలేనా?"

"సరే, నీ ఇష్టం."

వాడు అంత తేలిగ్గా ఒప్పుకోవటం నాకు నచ్చలేదు.

"వచ్చే ఆదివారం పందెం ఆడదాం. నేను గెలిస్తే నీ చెక్క డబ్బా నాది. ఓడితే నా డబ్బా నీది."

"నీకున్నది ఒకటేగదరా."

"ఓడితేగదా పోయేది."

మాటయితే అన్నాను. అప్పటికి నేను నాబు తిప్పింది లేదు. రహస్యంగా నేర్చుకోవాలి. ఆ రోజూ ఆదివారమే. సాయంత్రం సినిమా వేసే వేళయితే వీధిలో పిట్ట కూడా ఉండదు, అందరూ టీవీల ముందే. తలుపులు, కిటికీలు బిగించి నాగేంద్రాన్ని పిలిచాను.

"ఏమయ్యా, సినిమా టయానికి ఇదేంది?"

"నువ్వు చూసిన సినిమానేగదే."

"నిన్న తిన్నామని ఇయ్యాల అన్నం మానేశామా?" అంది. మళ్ళీ తనే, "సరే కూర్చుంటాగానీ, ఆ యాంటెనా తీగ మాత్రం పీకబాక. పీకితే మళ్ళీ బొమ్మ కుదిరేదాకా రెండు రోజులు నువ్వు మిద్దె మీదే కాపురం," అంది.

నిజమే కదా అనుకుని, డబ్బా తీగనూ యాంటెనా తీగనూ కలిపి మెలేసి టీవీ వెనక ఒకే స్క్రూ కింద బిగించాను. సైకిలు మెకానిక్కును కదా, చానా గట్టిగా బిగించాను. తెర మీద సినిమా మసకమసగ్గా, దాని మీద మా ఆట తెల్లగా కనపడింది. నేను ఎడమ పక్క, నాగేంద్రం కుడి పక్క.

సినిమా పోయిన కోపమంతా ఆ మనిషి నాబు మీద చూపించింది. మొదటాట నాకు నాలుగు పాయింట్లు. రెండోది రెండు. మూడో ఆటలో సున్నా. ఆరు ఆటలు ఆడి, ఆరూ ఓడిపోయాను. పోన్లే, ఎవరు చూశారని కండువాతో ముఖం తుడుచుకున్నాను.

తెల్లవారి కొట్టు తీద్దును గదా, మస్తాన్ కొట్టు ముందు బండి మీద నాలుగు టీవీలు, చుట్టూ మా వీధి జనం. ఒక్క పొద్దులో ఇంత గిరాకీయా అనుకున్నాను. వీడి జోరు తగ్గించాల్సిందేనని నేరుగా అక్కడికే వెళ్ళాను.

"ఏంది మస్తాన్, పెద్ద గిరాకీ?"

"అంతా నీ దయే."

ఆ మాట అక్కడితో అర్థమయితే నేను ఎనిమిదో తరగతికి వెళ్ళేవాణ్ణే.

"నిన్న ఇంట్లో ఆడి చూశా. ఎడమ పక్క బ్యాటు నాదే. ఆరు ఆటలాడితే ఒక్కటి పోలా. నీ చెక్క డబ్బా తుడిచి పెట్టుకో," అన్నాను.

టీవీ పక్కన గట్టు మీద కూర్చున్న మా పక్కింటి వెంకాయమ్మత్త ఎంతో ప్రేమగా అడిగింది.

"అయితే నాయనా, కుడి పక్కది ఎవరు?"

"మా నాగేంద్రం, అత్తా. పాపం, ఒక పాయింటు ఇద్దామన్నా తీసుకోవటం రాలా."

"అట్టనా. మూడో ఆటలో సున్నా వచ్చింది నీకు గాదూ?"

మస్తాన్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"యాంటెనా తీగ తీసేసి డబ్బా తగిలించాలిరా. రెండూ కలిపి బిగిస్తే ఆట నీ టీవీలో ఆగదు. పైపెక్కి వీధిలోకి పోయిద్ది. నీది ముప్ఫై అడుగులాయె. పదకొండు ఇళ్ళకి అందింది. టీవీ చెడిందనుకుని ఇదిగో, పొద్దున్నే మోసుకొచ్చారు."

"హీరోయిన్ ఏడస్తంటే చెంప మీద కన్నీళ్ళకి బదులు నీ బంతి పోయింది," అంది వెంకాయమ్మత్త. "ముందు తిట్టుకున్నాం. రెండో ఆట కాణ్ణుంచి సినిమా సంగతి ఎవరికీ పట్టలా. ఆ ఎడమ పక్కోడు ఎవరోగానీ, చూపు ఆనని ముసలాయనేమోనని జాలిపడ్డా."

వీధి వీధంతా ఒక్కసారి నవ్వింది. నా కొట్లో స్టాండు వేసిన సైకిలు కూడా బెల్లు కొట్టిందని నా అనుమానం.

"పందెం మాటేంది మరి?" అన్నాను, ఉన్న ఒక్క డబ్బా కళ్ళ ముందు కదులుతుంటే.

"ఉందిలే. నిన్ను గెలిస్తే నాకే సిగ్గు. ఆదివారం ఆ కుడి పక్క బ్యాటుని పంపు."

నాగేంద్రం వెళ్ళింది. పదిహేను-పదకొండుతో గెలిచి, చెక్క డబ్బాను తెల్లగుడ్డతో సహా చంకన పెట్టుకుని తెచ్చి, మా బీరువాలో పెట్టి తాళం చెవి బొడ్లో దోపుకుంది. మస్తాన్ మీద ఉన్న అసూయంతా అటునుంచటే మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

ఆ రోజు సైకిలు పంపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలో పక్కవాడి యాంటెనాకన్నా ఎత్తు యాంటెనా పాతను. ఇంట్లో ఓడిన ఆటను వీధిలో గెలవను. రెండు తీగల్ని ఒక స్క్రూ కింద కాపురం పెట్టించను. ఇంత పెద్ద ప్రమాణం చేశాక మనిషికి కాస్త వేడుక ఉండాలి కదా అని, "నాగేంద్రం, ఆ చెక్క డబ్బా ఇట్టా ఇయ్యి, ఒక్క ఆట ఆడుకుంటా," అన్నాను.

"ఆడుకో, ఎవరొద్దన్నారు?" అంటూ టీవీ వెనక్కి వెళ్ళింది. "ఉండు, ముందు ఆ యాంటెనా తీగ తగిలించనీ. వీధిలో అందరూ నీ కోసం కూర్చోనున్నారు."