మూత తీసిన ప్రార్థన

మా మనవరాలు గుంటూరులో పరిశోధన చేస్తుంది. మనిషి రక్తంలోని కణాలను గాజు పళ్ళెంలో పెంచడం దాని పని. మాది గొర్రెలు పెంచిన ఇల్లు కాబట్టి పెంచడమంటే నాకు కొత్త కాదు. వాటికి మేత ఏమిటని అడిగాను.

"మేత ఒక్కటే చాలదవ్వా. పెరగండని ఒకరు చెప్పాల. మనకు రోగమొస్తే ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి కబురు పెడతది. ఆ కబురు మోసే ప్రొటీన్ ఒకటుంది. అది లేకపోతే నా కణాలు చచ్చిపోతయ్."

ఆ ప్రొటీన్‌ను మనిషి నుంచి తీయరట. కంటికి కనిపించని పురుగులకు తయారుచేసే విద్య నేర్పి, వాటిచేత చేయిస్తారట.

"మన కబురు పురుగులతో చెప్పిస్తారా?" అన్నాను.

"అంతే," అంది. ఎగతాళి చేస్తుందేమోనని దాని మొహం చూశాను. చేయడం లేదు.

మొన్న ఎండాకాలంలో అక్కడ ఆ ప్రొటీన్ అయిపోయింది. కొత్తది విదేశం నుంచి రావడానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళు కణాలు ఆగవు. బెంగుళూరులో ఒక స్నేహితురాలు తమ ల్యాబులోది కొంచెం ఇస్తానంటే, మనవరాలు పోయి, వేలెడంత సీసాను థర్మాకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టుకుని రైలెక్కింది. ఆ రైలు మా గిద్దలూరు మీదుగానే పోతుంది. మా ఊరి మీదుగా పోతూ దిగకుండా పోవడం మా ఇంట్లో లేదు. పొద్దున దిగింది. మధ్యాహ్నం బస్సుకు పోవాలనుకుంది.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. కుండలో నీళ్ళు కరెంటు అడగకుండానే చల్లబడతాయి.

"మూత తియ్యకుంటే గుంటూరు దాకా ఆగుతదవ్వా. తీసినామంటే ఐసు కరుగుతది. ఇది పాడైపోతది. నా రెండేళ్ళ పని పోతది."

డబ్బాను ఎండ తగలని మూలన పెట్టి తడి గోనెపట్టా కప్పాను.

మా చర్చి సంఘంలో ఒక అలవాటుంది. పరీక్షకు పోయే పిల్లలు హాల్‌టికెట్టు, పెన్ను తెచ్చి పాస్టరు అయ్యగారి ముందు పెడతారు. ఆటో కొన్నా, బోరు మోటారు కొన్నా ఆయన చెయ్యి పెట్టి ప్రార్థించాకే వాడతారు. పక్కింటి వదిన పోయి అయ్యగారిని పిలుచుకొచ్చింది. వెంట నలుగురు ఆడవాళ్ళు వచ్చారు.

"పిల్ల అంత దూరం నుంచి తెచ్చింది. చెయ్యి పెట్టకుండా పంపిస్తామా వదినా?" అంది.

డబ్బాను రేకుల వసారాలోకి తెచ్చారు. అయ్యగారు మూత మీద చెయ్యి ఆనించి, ఆగారు.

"మూత మీద చేస్తే మూతకే తగులుతదమ్మా. మొన్న మీ బోరు మోటారుకు అట్టపెట్టె మీదనే చేసినాం. వారం తిరక్కుండా కాలిపాయె."

వదిన తలూపి మూత తీసింది. ఆ మోటారు వాళ్ళదే.

"అయ్యగారూ, అది..." అంది మనవరాలు.

"కన్నులు మూసుకుందాం," అన్నారాయన. ఆ మాట తర్వాత మా దగ్గర ఎవరూ నోరు తెరవరు.

ఆయన దేశంతో మొదలుపెట్టారు. పాలకులు అయ్యారు. వానలు అయ్యాయి. గోడలు కట్టే బేల్దారి పనికి హైదరాబాదు పోయినవాళ్ళంతా అయ్యారు. ప్రార్థనలో కళ్ళు తెరిచే అలవాటు నాకు లేదు. ఆ రోజు తెరిచాను. రేకుల వేడి కిందికి దిగుతోంది. ఐసు అంచులు నున్నబడ్డాయి. మనవరాలు కళ్ళు మూసుకునే ఉంది, వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. అది ముక్కు ఎగబీల్చడం విని పక్కనున్న ఆమె "స్తోత్రం" అంది. పిల్ల కదిలిపోయిందనుకుని అయ్యగారు గొంతు పెంచారు. గుంటూరు పట్టణాన్ని వదిలి మా వంశంలోకి వచ్చారు. మా మామగారి కాలం నుంచి ఎత్తుకున్నారు.

మా మామగారి కథ పెద్దది.

"ఆమేన్!" అన్నాను, గట్టిగా.

ఒకరంటే అందరికీ నోట్లోంచి వచ్చే మాట అది. అందరూ అన్నారు. చివరికి అయ్యగారు కూడా అన్నారు. నేను మూత పెట్టేశాను.

"ఇంకా పిల్ల భవిష్యత్తు ఉండిపాయె గదమ్మా."

"భవిష్యత్తుకు మూతేసి చేద్దాం అయ్యగారూ."

ఐసు ఎంత మిగిలిందో చూస్తానంది మనవరాలు. చూడాలంటే మళ్ళీ తియ్యాలి, వద్దన్నాను. అన్నం కూడా తిననియ్యకుండా మధ్యాహ్నం బస్సుకు ముందున్న బస్సే ఎక్కించాను. చద్ది కట్టి ఇచ్చాను.

ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది.

"బతికినయ్ అవ్వా. పెరుగుతా ఉన్నయ్."

గుడిలో ఆ మాట చెప్పాను. అయ్యగారు సంఘం ముందు సాక్ష్యంగా ప్రకటించారు. ప్రార్థన పూర్తిగా చేసుకుని ఉంటే ఇంకెంత పెరిగేవో అని కూడా అన్నారు. వదిన నా వైపు చూసింది. నేను పాటల పుస్తకం తెరిచాను.

సాయంత్రం మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది.

"ఈసారి తెస్తే మళ్ళా ప్రార్థన చేయిస్తావా అవ్వా?"

"చేయిస్తా. చలికాలంలో తే."