రన్ అంటే పరుగొక్కటేనా

కెనడాలోని రెజైనా ఊళ్లో ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపించడం మొదలైన రోజులవి. ఆ రోజుల్లో జ్ఞానవతి గారు ఒక సూపర్‌మార్కెట్ బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుండేవారు. నరసాపురం మిషన్ స్కూల్లో ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి ఆవిడ. కెనడా వచ్చిన ఆరేళ్లలో ఆ పాండిత్యమంతా 'హ్యాపీ బర్త్‌డే' దాటి ఒక్క అడుగు ముందుకు పోలేదు. పాఠం చెప్పకుండా ఉండటమంటే ఆవిడకు పస్తుండటమే. ఉండబట్టలేక బస్‌స్టాపులో తెలుగు విద్యార్థుల ఇంగ్లీషు దిద్దేవారు. వాళ్లూ బుద్ధిగా దిద్దించుకునేవారు. మిగిలిపోయిన కేకు ముక్కలు ఆవిడ సంచీలోనే ఉండేవి మరి.

అలా ఉండగా లైబ్రరీలో ఒక ప్రకటన కనబడింది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ల చేత శనివారాలు ఇంగ్లీషు మాట్లాడించడానికి మనిషి కావాలట. ముందు ఒక గంట పాఠం చెప్పి చూపించాలి, నచ్చితేనే తరగతి ఇస్తారు. ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు. వారం రోజులూ ఒకే ఒక్క మాట పట్టుకు కూర్చున్నారు. ఆ మాట 'రన్'. ముక్కు కారినా రన్నే, కుళాయి పారినా రన్నే, చీర రంగు దిగినా రన్నే, కొట్టు నడిపినా రన్నే. ఇంట్లో పాలు నిండుకున్నా, ఎన్నికల్లో నిలబడ్డా అదే మాట. వింటున్న భర్త ఎలియాజరు గారికి నవ్వాగలేదు.

"నిలబడ్డవాణ్ణి పట్టుకుని పరిగెత్తాడంటారేంటి? ఇదేం భాషే?"

"మీరు నవ్వండి. ఈ ఒక్క గంటా పాడైతే ఇక జన్మంతా నేను కేకుల మీదే రాసుకోవాలి," అన్నారావిడ. ఆయన నవ్వు ఆపేశారు.

గది ఖాళీగా ఉంటుందేమోనని భయపడి ఆవిడ బస్‌స్టాపు పిల్లలందర్నీ రమ్మన్నారు. పదకొండు మంది వచ్చారు. వాళ్ల నాయకుడు తణుకు కుర్రాడు శ్రీరామ్. అసలు నేర్చుకోవాల్సినవాళ్లు ఏడుగురే. అందులో ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక బామ్మ, చంటిబిడ్డతో సిరియా దంపతులు ఉన్నారు. జ్ఞానవతి గారు ప్రశ్న సగం అడిగారో లేదో, ట్యూషన్లో అరిచినట్టు పదకొండు గొంతులూ జవాబు అరిచాయి. రెండో ప్రశ్నకూ అంతే. బామ్మ నోరు తెరిచి మళ్లీ మూసేసింది. పరీక్షించడానికి వచ్చిన లైబ్రరీ ఆవిడ రాయడం ఆపి గడియారం చూసుకుంది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

జ్ఞానవతి గారికి ఒళ్లు మండింది.

"శ్రీరామ్, మీరు పదకొండు మందీ లేవండి. ఇంకొక్క మాట వినబడితే ఊరుకోను. చెప్పేదేదో చేతుల్తో చెప్పండి," అన్నారు తెలుగులోనే. ఒక్కొక్కరి చెవిలో ఒక్కో అర్థం ఊదారు. మూగవాళ్లు ఆడాలి, అది ఏ రన్నో ఆ ఏడుగురూ చెప్పాలి.

తేజశ్రీ అనే అమ్మాయి కారని ముక్కును అంత శ్రద్ధగా తుడుచుకుంటే సిరియా ఆయన మొదటిసారి నోరు విప్పి జవాబు చెప్పాడు. తర్వాత శ్రీరామ్ మఫ్లరు కండువాలా వేసుకుని చేతులు జోడించి బయల్దేరాడు. బల్లబల్లకీ వంగి దండం పెట్టాడు. బామ్మ కాళ్లకు మొక్కాడు. చంటిదాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టి, ఫోటో తీయించుకున్నట్టు నటించి, తల్లి చేతిలో పెట్టేశాడు. లేని కుళాయి తిప్పి, రాని నీళ్లు తెప్పిస్తానన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గది గదంతా పొట్టలు పట్టుకుంది. మూడు నెలలుగా ఆ లైబ్రరీలో పెదవి కదపని బామ్మ లేచి బల్ల మీద గుద్దింది.

"హీ రన్ ఫర్ ఎలక్షన్! ఐ నో దిస్ మ్యాన్!"

'రన్స్' అనాలని దిద్దబోయి జ్ఞానవతి గారు నాలుక కరుచుకున్నారు. జీవితంలో ఆవిడ చూస్తూ చూస్తూ వదిలేసిన మొదటి తప్పు అదే. ఆ తర్వాత ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఎరిట్రియా నుంచి వచ్చిన ఆయన తనే లేచి ఆడాడు. బామ్మ అందరికంటే ముందు తప్పులు చెబుతూ, తన తప్పులకు తనే నవ్వుకుంది.

తరగతి మీకే ఇస్తున్నామని లైబ్రరీ ఆవిడ చెబుతుంటే జ్ఞానవతి గారికి సగమే వినబడింది. మంచులోకి వచ్చి ఎలియాజరు గారికి ఫోన్ చేశారు. ఇచ్చారా లేదా అని ఆయన రెండుసార్లు అడిగారు. ఆవిడ ఆ సంగతే చెప్పలేదు.

"ఏవండీ, టైమైపోయినా క్లాసులోంచి ఒక్కళ్లూ లేవలేదండీ," అన్నారు.