బోరు సంగతి అడగని పెద్దమనిషి

మొయినాబాద్ రోడ్డు మీద మా కిరాణా దుకాణం ముందు కారు ఆగితే, ఆ రోజుల్లో ఎవరూ ‘మీరెవరు’ అని అడిగేవారు కాదు. ‘ఎన్ని ఎకరాలు చూస్తున్నరు’ అనే అడిగేవారు. హైటెక్ సిటీలో కంపెనీలు లేచిన కొద్దీ మా వైపు భూముల ధరలూ లేచాయి. కనకమామిడిలో నిన్నటిదాకా జొన్న వేసిన చేను చుట్టూ గోడ కట్టి, ఫామ్‌హౌస్ అని బోర్డు పెట్టేవారు. పొద్దున్నే బ్రోకర్లు మా అరుగు మీదికి చేరేవారు. వాళ్లు కొనేది ఒక అగ్గిపెట్టె, తాగేది మా ఇంటి చాయ్. మా ఆయన దాన్ని కూడా వ్యాపారమనే అనేవారు.

కాబట్టి తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి కారు దిగి, ‘ఇక్కడ భూములు ఎలా ఉన్నాయండీ’ అని అడిగితే ఎవరికీ అనుమానం రాలేదు. స్టూలు వేశారు. చాయ్ కోసం లోపలికి కేక వేశారు.

ఇంట్లో అప్పుడు మాకున్న ఫికర్ ఒకటే, మా ఆడబిడ్డ పెళ్లి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేది. అదే ఆఫీసులో పనిచేసే మోకిల ఊరి అబ్బాయిని ఇష్టపడింది. దేవుడి దయవల్ల కులం కలిసింది, గోత్రాలు వేరయ్యాయి. “ప్రేమించుకునే ముందే అన్నీ చూసుకున్నట్టున్నరు” అని మా ఆయన ఎగతాళి చేసేవారు. అబ్బాయి తల్లి వచ్చి, మా ఇంట్లో తిని, “జర విచారించుకొని చెప్తం” అని వెళ్లింది. ఆ రోజు నుంచి పిల్ల కంచంలో అన్నం ముందు పెట్టుకుని వేలితో గీతలు గీస్తూ కూర్చునేది.

ఆ ‘విచారించుకొని’ అన్న మాటే మా అత్తమ్మకు నిద్ర లేకుండా చేసింది. అంతకుముందు మా ఆడబిడ్డకు మేనబావతో సంబంధం అనుకున్నారు. చేవెళ్లలో బట్టల దుకాణం ఉన్న మా అత్తమ్మ తమ్ముడి కొడుకు అతను. పూలు పండ్లు తెచ్చిన రోజున ఈ పిల్ల అందరి ముందుకు వచ్చి, “మామా, బావంటె నాకు అన్న లెక్క. నేను చేసుకోను” అనేసింది. ఆ చేవెళ్ల మామ పళ్లేలు ఎత్తుకుని వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు. జాతకాలు కలవలేదని మా అత్తమ్మ ఊరందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఎవరైనా చేవెళ్ల వెళ్లి ఆ తమ్ముణ్ణి అడిగితే ఆయన కోపంలో ఏమంటాడోనని ఆమె భయం.

నా చదువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను బడికి పోలేదు. మా నాన్న చేవెళ్లలో తన దుకాణంలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పారు. పురాణాలు ఆయన చదివించారు. పొట్లాలు కట్టడానికి వచ్చే పాత పత్రికల్లోని డిటెక్టివ్ సీరియళ్లు నేనే చదువుకున్నాను. చివరి పేజీ ఎప్పుడూ ఎవరి బెల్లం వెంటో వెళ్లిపోయేది. అందుకని హంతకుడెవరో నేనే తేల్చుకోవాల్సి వచ్చేది. ఆ అలవాటు ఇచ్చినందుకు మా నాన్నకు ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

పెద్దమనిషి రెండోసారి వచ్చి వెళ్లాక మా ఆయనను లోపలికి పిలిచాను.

“ఇగో, ఆయన భూమి కోసం రాలే.”

“మరి దేనికొచ్చిండు, నీ చాయ్ కోసమా?”

“ఇక్కడ బోరు ఎంత లోతుల పడ్తదో అడిగిండా?”

“అడగలే.”

“భూమి కొనేటోడు నీళ్ల సంగతి అడగకుంట ఉంటడా? నిన్న వాన పడ్డది. పొద్దటి నుంచి చేన్లన్ని తిరిగొస్తున్న అన్నడు. బూట్లు చూసిండ్రా, కొత్త గిన్నెల లెక్క మెరుస్తున్నయ్.”

“కారులకెంచి చూసుంటడు తియ్.”

“మీ చెల్లె ఎన్ని గంటలకొస్తదని అడిగిండు. భూమికి మీ చెల్లెతోని ఏం పని?”

మా ఆయన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టారు. “నేనన్నీ చెప్పిన గదనే,” అన్నారు. “ఆఫీసు పేరు సుత చెప్పిన.”

అబ్బాయి వాళ్లు పంపిన మనిషని తెలియగానే మా అత్తమ్మ ఏడవలేదు. పప్పు నానబెట్టింది. మరునాడు ఆయనను లోపలికి పిలిచి, విస్తరి వేసి, గారెలు వడ్డిస్తూ మొదలుపెట్టింది. “మీరు భూములు చూస్తున్నరు గని, మా పిల్ల అసొంటి పిల్ల ఈ మండలంల దొరకది. నడిస్తె తల ఎత్తి చూడది.”

సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న పిల్ల లోపలి గదిలోంచి అంది, “తల ఎత్తకపోతె కంప్యూటర్ ఎట్ల చూస్తనమ్మా?”

పెద్దమనిషికి పొలమారింది. నేను నీళ్లిచ్చాను. ఆయన తాగి, ఎంతో మర్యాదగా అడిగారు. “మీ తమ్ముడు గారిది చేవెళ్లేనటగా? బట్టల కొట్టట. రేపు అటే వెళ్తున్నాను.”

గారె పట్టుకున్న అత్తమ్మ చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది.

ఆ సాయంత్రం నేను చిలుకూరు గుడికి వెళ్లాను. అందరూ వీసాల కోసం ప్రదక్షిణలు చేస్తున్నారు. నేను చేవెళ్ల మామ నోట మంచి మాట రావాలని చేశాను. స్వామికి అందరి లెక్కలూ తెలుస్తాయి కాబట్టి నాది విడిగా వివరించలేదు.

తెల్లవారి అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని చేవెళ్ల బస్సెక్కింది. దారి పొడుగునా తమ్ముడితో ఏం మాట్లాడాలో నాతో మాట్లాడి చూసుకుంది. “కాళ్లు పట్టుకుంట” అని ఒకసారి, “చిన్నప్పుడు వాణ్ణి ఎత్తుకొని తిరిగిన, నామాట వినడా” అని ఒకసారి. తీరా దుకాణం మెట్లెక్కేసరికి, తెల్ల పరుపు మీద మా పెద్దమనిషి మెరిసే బూట్లు విప్పి, బాసిపట్టు వేసుకుని మజ్జిగ తాగుతున్నారు.

“తమ్మీ, ఈయన భూమి...” అంటూ అత్తమ్మ ఏదో అందుకుంది.

“భూమి గాదక్కా. ఈయన డిటెక్టివ్. పిల్లగాని అమ్మ పంపిందట,” అన్నారు మామ.

“మీకెట్ల తెలిసింది మామా?” అన్నాను నేను. నా బుర్రకే అందిందనుకున్న రహస్యం అది.

“ఎవరు నువ్వని అడిగిన. చెప్పిండు.”

పెద్దమనిషి ఇంకాస్త మజ్జిగ పోయించుకున్నారు.

“సంబంధం ఎందుకు చెడిపోయిందని అడుగుతున్నడక్కా. నేనింక చెప్పలే. నువ్వొచ్చినవ్ గద, నీ ముంగట్నే చెప్త.”

“జాతకాలు...” అంది అత్తమ్మ, వినబడీ వినబడకుండా.

“జాతకాలు ఎవరు చూసిండ్రు? ఇను సారూ. పిల్ల నా కొడుకును వద్దన్నది. పండ్ల పళ్లెం నా చేతులున్నది. అందరి ముంగట, నా కండ్లల్లకు చూసి వద్దన్నది. నాకు కోపమొచ్చింది, ఇంక పూరాగ పోలే. గని మనసుల ఒకటి పెట్టుకొని నా కొడుకుతోని పుస్తె కట్టించుకోలే. మీ మేడమ్‌కు చెప్పు. ఆ ఇంట్ల ఏం నచ్చకున్నా ఈ పిల్ల మొఖం మీద్నే చెప్తది. దానికి తయారుంటె చేసుకోమను.”

పెద్దమనిషి ఏమీ రాసుకోలేదు. “మరి అబ్బాయి సంగతి మీరెవరితోనూ విచారించలేదా?” అన్నారు.

“మాకు డిటెక్టివ్ ఎందుకు సారూ, మా అక్క కోడలు లేదా,” అన్నారు మామ నా వైపు చూసి. నేను కొంగు సర్దుకున్నాను.

అత్తమ్మ వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది. “నువ్వు రాకుంటె పెండ్లినాడు దాన్ని గంపల ఎవరు ఎత్తుకొస్తరు తమ్మీ? మేనమామ ఉండంగ వేరెటోళ్లను పిలవాల్నా?”

మామ చాలాసేపు చీరల మడతలు సర్దారు. “ఎత్తుత గని,” అన్నారు చివరికి, “కంప్యూటర్ ముంగట కూసొని ఆ బిస్కట్లు తినుడు బంద్ చెయ్యమను.”

ఆ వారంలోనే అబ్బాయి తల్లి పూలు పండ్లతో వచ్చింది. “మా ఇంట్ల అందరు నా మొఖం చూసి మంచిగున్నదనేటోళ్లే. ఒక్కరన్న నిజం చెప్పేటోళ్లు ఉండనీ అనుకున్న,” అంది. ఆమెను, ఆమె పంపిన మనిషిని తలచుకుని నేను దీపం దగ్గర అప్పుడప్పుడు చేతులు జోడిస్తాను. ఆయన వచ్చి అడక్కపోతే అక్కాతమ్ముళ్లు ఇంకెన్నాళ్లు అట్లా ఉండేవారో.

పెళ్లినాడు గంప ఎత్తడానికి మామ నడుం వంచారు. ఒక్కరి వల్ల కాలేదు. రెండో వైపు పట్టడానికి ఎవరని చూస్తుంటే, మా ఆడబిడ్డ వద్దన్న ఆ మేనబావే పంచె ఎగగట్టుకుని వచ్చాడు.

“సంబంధం తప్పింది, నా నడుము బతికిందనుకున్న,” అన్నాడు గంప ఎత్తుతూ. “అది గూడ బతకలే.”

గంపలోంచి నవ్వు వినిపించింది. పెళ్లికూతురు అట్లా నవ్వకూడదని అత్తమ్మ కసురుకుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.