మా నాయిన కూత

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరి గొంతు తప్పిపోయినా నా దగ్గర దొరికేది. పటేలు గదమాయింపు, పక్కింటి పెద్దమ్మ ముక్కుతో తీసే రాగం, బడి పంతులు ఎక్కం చెబుతూ చెబుతూ ఆవులించడం, ఏది అడిగితే అది దించేదాన్ని. ఆ ఆవులింతను దించుతున్న రోజే పంతులు నా వెనక నిలబడి ఉన్నాడు. మూడో తరగతితో నా చదువు అలా పూర్తయింది. ఆయన రెండు దెబ్బలు వేసి మర్నాడు రమ్మనే చెప్పాడు గాని, మా నాయిన గొర్రెపిల్లల దగ్గర ఉండడానికి మనిషి కావాలన్నాడు. గొర్రెపిల్లలకు ఎక్కాలతో పని లేదు, నాకూ లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

అన్ని గొంతుల్లోకి నాకు బాగా వచ్చింది మా నాయిన కూత. మందను పిలవడానికి ఒక్కో కాపరికి ఒక్కో కూత ఉంటుంది. మా నాయినది 'హో... ఓయ్ ఓయ్, దా దా దా' అని సాగేది. నడుమ ఒక దగ్గు. చుట్ట తాగే మనిషి కదా, ఆ దగ్గు లేకుండా కూత ఏనాడూ పూర్తి కాలేదు. అన్నం తినేటప్పుడు నేను ఆ కూత వేస్తే, దొడ్లో గొర్రెలు లేచి నిలబడేవి. నాయిన నవ్వీ నవ్వీ నిజంగానే దగ్గేవాడు. "నా దగ్గు నాకంటే నీకే మంచిగొస్తది బిడ్డా" అనేవాడు.

గొర్రెలను వెనక నుంచి తోలుతారని చాలామంది అనుకుంటారు. మా నాయిన అట్లా తోలేవాడు కాదు. ఆయన ముందు నడుస్తూ కూత వేస్తే మంద వెనక వచ్చేది. ముందు నడిచే మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగి ముఖం చూపించాడంటే, ఆగమన్నాడనుకుని గొర్రెలు అక్కడికక్కడ నిలబడిపోతాయి. మా నాయిన మైళ్లకు మైళ్లు అట్లా వీపు చూపించి నడిచేవాడు. వెనక ఎన్ని వస్తున్నాయో అడుగుల చప్పుడును బట్టే చెప్పేవాడు.

ఆ ఏడు ఎండాకాలం మేత కోసం కొల్లాపూరు దాటి కృష్ణ ఒడ్డుకు మందను తోలుకుపోయాం. నాయిన, అమ్మ, నేను, అరవై చిల్లర గొర్రెలు, గిన్నెలూ చిన్న గొర్రెపిల్లలూ మోయడానికి ఒక గాడిద. అక్కడ నాయినకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు. అయిదో రోజు ఆ ఒడ్డునే ఆయనను మట్టిలో పెట్టాం. నాకు పదకొండేళ్లు.

ఏడ్చానా అని ఇప్పుడు మనవరాళ్లు అడుగుతారు. లేదు. ఏడుపు రాలేదు, ఆకలి రాలేదు, నిద్ర వస్తే పోయేదాన్ని, లేపితే లేచేదాన్ని. గంజి తాగితే నీళ్లలాగే ఉండేది, నీళ్లు తాగితే ఏమీ లేనట్టు ఉండేది. పాలు పితికే చేతులు నావేనా అని వాటి వైపు చూసేదాన్ని. ఒక పొద్దున గొర్రెలు చెదిరిపోతుంటే అలవాటుకొద్దీ నాయిన కూత ఎత్తబోయాను. అమ్మ ఒక్క అంగలో వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. "వద్దు" అంది. అంతే. నాకు బాధ కూడా కలగలేదు. సరే అనుకున్నాను.

కబురు అందుకుని మమ్మల్ని ఇంటికి తీసుకుపోవడానికి మా మేనమామ వచ్చాడు. ఆయన మిలట్రీలో ఉండి వచ్చిన మనిషి. మామూలు మిలట్రీ కాదు, పెద్ద గొడుగు వీపుకు కట్టుకుని విమానంలోంచి దూకే పటాలం. నూరు మందిని తీసుకుంటే ఇరవై మందే మిగిలే శిక్షణ అట. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా ఊరి ముసలాయన ఒకడు చాలాసేపు ఆలోచించి, "మరి వాన లేనప్పుడు గూడ దూకుతరా?" అని అడిగాడు. అప్పటినుంచి మా మామ ఊరందరికీ గొడుగు మామే. ఒకసారి దూకినప్పుడు మోకాలు విరిగితే ఇంటికి పంపించేశారు. కుంటుతూనే ఎవరికన్నా వేగంగా నడిచేవాడు.

మామకు మనుషులను నడిపించడం తెలుసు. గొర్రెలు మనుషులు కావని తెలుసుకోవడానికి ఆయనకు ఒక రోజు పట్టింది. మెడలో వేలాడే ఈలను పొద్దున్నే గట్టిగా ఊదేవాడు. గాడిద బెదిరి గిన్నెలు కింద పడేసేది. గొర్రెలను వరసలో నిలబెట్టాలని చూసేవాడు. "గీటికి క్రమశిక్షణ లేదు" అని అమ్మతో ఫిర్యాదు చేసేవాడు. ఇంకో కాలంలో అయితే నేను ఆ ఈలను, ఆ కుంటును, ఆ ఫిర్యాదును దించి ఊరంతా తిరిగేదాన్ని. అప్పుడు మాత్రం ఊరికే చూస్తూ ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక వాగు దగ్గరికి వచ్చాం. మడమలోతు నీళ్లు. అమ్మ గాడిదనూ గొర్రెపిల్లలనూ తీసుకుని ముందుగా అవతలి గట్టుకు దాటి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. వాగు నడుమ ఒక ఇసుక దిబ్బ ఉంది. మందను అక్కడే కాసేపు పడుకోబెడదామన్నాడు మామ.

"నాలుగు దిక్కులు కనబడతయ్. తోడేలు రావాల్నన్నా నీళ్లల్ల తడుసుకుంట రావాలె. గిసొంటి జాగా దొర్కదు."

"నాయిన గీడ ఆపకపోతుండె మామా" అన్నాను.

"ఎందుకు ఆపడు?"

ఎందుకో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ గట్టెక్కిన తర్వాతే మందను పడుకోబెట్టేవాడు, అంతే తెలుసు. ఇంకో రోజైతే వాదించేదాన్ని. ఆ రోజు నోరు కదపడం కూడా బరువనిపించింది.

ఎందుకో ఒక గంటలో తెలిసింది. మా మీద చినుకు పడలేదు. ఎక్కడో ఎగువన పడ్డ వాన ఎర్రటి నురగతో, విరిగిన కొమ్మలతో వాగులోకి వచ్చేసింది. దిబ్బకు రెండు వైపులా నీళ్లు లేచాయి. గొర్రెలు లేచి ఒకదాని కింద ఒకటి తల దూర్చి ముద్దగా అయిపోయాయి. గొర్రె నీళ్లకు భయపడితే ముందుకూ పోదు, వెనక్కూ పోదు. ఉన్నచోటే గుండ్రంగా తిరిగి, ఒకదాన్ని ఒకటి తొక్కుకుని, అట్లాగే కొట్టుకుపోతుంది. మా ఇంటికి మిగిలిందల్లా ఆ మందే. అవతల గట్టు మీద అమ్మ నిలబడి చేతులు ఊపుతోంది. ఆమె అరుపు నీళ్ల చప్పుడులో మాకు వినపడలేదు.

మామ అరవలేదు. పరుగెత్తలేదు. ముందు నీళ్లలో కర్ర గుచ్చి లోతు చూశాడు. నా నడుముకు వస్తుంది, ఇంకాసేపైతే గొంతుకు వస్తుంది. ఒక పొట్టేలును భుజాన వేసుకుని నీళ్లలో దిగి కొంత దూరం పోయాడు. అది తన్నుకుని దూకి మళ్లీ మందలోకే వచ్చింది. ఈల ఊదాడు. గొర్రెలు ఇంకా ముద్దగా అయ్యాయి. అప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చి, మంచి మోకాలు మీద కూర్చుని నా ముఖంలోకి చూశాడు.

"తప్పు నాది. నువ్వు చెప్పినవ్, నేను ఇనలే. ఆ ముచ్చట తర్వాత. ఇప్పుడు మీ నాయిన కూత ఎయ్యాలె నువ్వు."

నేను తల అడ్డంగా ఊపాను. నోరు తెరిచాను గాని గాలి తప్ప ఏమీ రాలేదు. అమ్మ వద్దందని చెప్పాలనుకున్నాను. అది కూడా రాలేదు.

నీళ్లు మా పాదాలను తాకుతుంటే, ఏమీ తొందర లేనట్టు ఆయన మాట్లాడాడు. మిలట్రీ వాళ్లు కేకలు వేస్తారని విన్నాను. ఆయన గొంతు ఎంత తగ్గించాడంటే, వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇను కోడలా. ఇమానం తలుపు కాడ నిలబడితే నా కాళ్లు నాయి కాకుంట అయ్యేవి. పదకొండు సార్లు దూకిన. పదకొండు మాట్లా గంతే. భయం పోయినంక దూకుదమనుకుంటే ఇప్పటికి గాడనే నిలబడి ఉందును. మా ఉస్తాదు ఒక్కటే చెప్పిండు. భయాన్ని పొమ్మనకు, అది పోదు. పక్కకు నిలబెట్టి కాలు బయట పెట్టు, అన్నడు. నీకు ధైర్యం రావద్దు. ఏడుపు రావద్దు. ఏం రావద్దు. కాలు పెట్టు, కూత ఎయ్యి. గా గట్టు మీద మీ అమ్మ చీర కనబడుతుందా?"

"కనబడుతుంది."

"దాన్నే చూడు. ఎనుక నేనుంట. ఎనుక ఏం చప్పుడైనా, నేను మొత్తుకున్నా, మళ్లి చూడకు. నువ్వు మళ్లినవంటే అన్నీ ఆగుతయ్."

నేను నీళ్లలో దిగాను. చల్లగా ఉందో లేదో గుర్తు లేదు. అమ్మది ఎర్ర చీర. దాన్ని చూస్తూ "హో... ఓయ్ ఓయ్, దా దా దా" అన్నాను. వెనక ఏ చప్పుడూ లేదు. ఇంకోసారి అన్నాను. గొర్రెలు తలలెత్తాయి గాని కదలలేదని మామ తర్వాత చెప్పాడు. అప్పుడు తట్టింది. దగ్గు మరిచిపోయాను. భయంలో కూత వచ్చింది గాని నాయిన రాలేదు. మూడోసారి కూత ఎత్తి, నడుమ ఆపి, గుండె లోతులోంచి ఆయన దగ్గినట్టే చుట్ట దగ్గు దగ్గాను.

వెనక నీళ్లలో మొదటి చప్పుడు అయింది. ఆ తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్క తెలియనన్ని.

సగం దూరంలో నీళ్లు నా రొమ్ము దాకా వచ్చాయి. అడుగు తీసి అడుగు వేసి, కూత, దగ్గు, కూత. ఒకచోట వెనక పెద్దగా అలజడి అయింది, మామ "ఏయ్" అని మొత్తుకున్నాడు. నా మెడ దానంతట అదే తిరగబోయింది. దాన్ని తిరగనివ్వకుండా పట్టుకోవడం నా జన్మలో నేను చేసిన అన్నిటికన్నా బరువైన పని. ఆ తర్వాత ముగ్గురు పిల్లలను కన్నాను, ఆ మాట తెలిసే అంటున్నాను.

గట్టు దగ్గరయ్యేకొద్దీ ఎర్ర చీరలో అమ్మ ముఖం కనబడింది. ఆమె నా వైపు చూడటం లేదు. నా తల మీదుగా, గొర్రెల మీదుగా, మేము వచ్చిన వైపు చూస్తోంది. ఎవరో వస్తున్నట్టు చూస్తోంది. రెండడుగులు నీళ్లలోకి కూడా వచ్చింది.

గట్టెక్కి, ఆగకుండా ఇంకా కొంత దూరం నడిచి, అప్పుడు తిరిగి చూశాను. ఒళ్లు విదిల్చుకుంటూ గొర్రెలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. అందరికన్నా వెనక మామ ఎక్కాడు, చంకలో ఒక గొర్రె, కుంటి కాలు ఈడ్చుకుంటూ. మూడు గొర్రెలు పోయాయి. ఆ అలజడి అప్పుడే పోయాయి. మామ తలలు లెక్కపెట్టి, ఆ మూడింటి సంగతి అమ్మకు దాచకుండా చెప్పి, దిబ్బ మీద ఆపింది తానేనని చెప్పి, ఒక రాయి మీద కూర్చున్నాడు. బీడీ తీశాడు. అగ్గిపుల్ల తడిసిపోయింది. పొయ్యిలోంచి కొరివి అందుకున్నాడు గాని, చేతులు ఎంత వణికాయంటే బీడీకీ కొరివికీ కలవడం కుదరలేదు.

"చలా మామా?" అన్నాను.

"చలి గాదు, భయం. పని అయ్యేదాకా ఆగమన్న, ఆగింది. ఇప్పుడు వచ్చింది. నీక్కూడ వస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆయన బీడీ నేను ముట్టించి ఇచ్చాను.

నాకు వణుకు రాలేదు. అమ్మ వచ్చి నా తల తుడిచింది. చాలాసేపు తుడిచింది, ఆరిపోయిన తర్వాత కూడా తుడిచింది. ఆ తర్వాత నా చెవి దగ్గర మెల్లగా అంది.

"ఇంకొక్కసారి పిలువు బిడ్డా."

నేను నోరు తెరిచాను. ఈ కూతకు అమ్మ చెయ్యి అడ్డం లేదు, నీళ్లు లేవు, భయం లేదు. అయినా రాలేదు. అరవై గొర్రెల కోసం వచ్చిన గొంతు అమ్మ ఒక్కదాని కోసం రాలేదు. రెండుసార్లు ప్రయత్నించాను. అమ్మ "పోనీలే" అని పక్కన కూర్చుంది. ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. సంకటి అడుగంటి మాడింది. ఆ వాసన మాత్రం తెలిసింది నాకు. నాయిన పోయిన తర్వాత నా ముక్కుకు మొదట తగిలిన వాసన అదే. ఎవరూ లేచి కుండ దించలేదు.

మామ ఆ రోజు నేర్పింది నాకు జీవితమంతా అక్కరకు వచ్చింది. నా కోడలికి నొప్పులు వచ్చి జడ్చర్ల దవాఖానకు పోయేదాకా బండివాడు బెదిరిపోకుండా వాడిని నవ్విస్తూ కూర్చున్నది నేనే. మా ఆయన పోయిన రోజు కట్టెల దగ్గర్నుంచి చుట్టాల అన్నాల దాకా చూసింది నేనే. "నీ గుండె రాయే తల్లీ" అంటారు జనం. రాయి కాదు. భయాన్ని పక్కన నిలబెట్టి కాలు బయట పెట్టడం తెలుసు, అంతే. కాని అంత గట్టి శిక్షణలో మిలట్రీ వాళ్లు మామకు దూకడం నేర్పారు, దిగడం నేర్పారు, దిగాక ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. అందుకే ఆయన చేతులు అట్లా వణికాయి. అందుకే అమ్మ అడిగింది నేను ఇవ్వలేకపోయాను. అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది, మళ్లీ అడగలేదు.

కాబట్టి ఎవరింట్లో కష్టం వచ్చినా నేను పని చేసి లేచి రాను. పని అయిపోయి, చుట్టాలు బస్సులెక్కి, పొయ్యి చల్లారి, ఇంటివాళ్లకు వణుకు మొదలయ్యే వేళకు వాళ్ల పక్కన కూర్చుంటాను. జోకులు వేయను, ఎవరి గొంతూ దించను, ఏమీ మాట్లాడను. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు. అయినా కూర్చుంటాను.