జూసి అక్క గదికి తలుపు

జూసి అక్క పాఠం గట్టిగా చదివేది. ముందు ఇంగ్లీషు మాట, వెనకాలే మా పోర్చుగీసు మాట. "ప్రైవసీ, ప్రివసిదాది." మా ఇంట్లో గదుల గోడలు మనిషి తలకంటే కాస్త పైకి లేచి ఆగిపోతాయి. ఆ పైన పెంకుల దాకా అంతా ఖాళీయే. ఇవతల నేను ఉడికిన సురురు ఆల్చిప్పలు ఒలుస్తూ కూచుంటే, అవతల ఆమె చదివిందంతా నాకూ వచ్చేసేది. ఎవరూ అప్పజెప్పమనలేదు కాబట్టి వచ్చినట్టు ఎవరికీ తెలీదు.

జూసి అక్క, అంటే జూసిలేని, మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ సావో పాలోలో ఎవరింట్లోనో పనికి వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకుంది. చిన్నపిల్లప్పుడు అక్క తను పడుకునే గుడ్డ ఊయల చుట్టి చంకన పెట్టుకుని మా అమ్మమ్మ ఇంటికి వచ్చింది. ఆ రోజునుంచీ ఆమె ఊయలా నా ఊయలా ఒకే గదిలో, ఒకే కొక్కేనికి. ఆమె కదిలితే నేనూ ఊగేదాన్ని. దువ్వెన ఒకటే, తలనూనె ఒకటే.

కాస్త ఎదిగాక నగరంలో ఒక పెద్దింట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళింది. వంటింటి వెనక కిటికీ లేని గది ఇచ్చారట. తలుపుంది కానీ గడియ బయటివైపు. బట్టలు మార్చుకుంటున్నా ఆ ఇంటావిడ తోసుకుని వచ్చేసేదట. ఒకరోజు చెప్పకుండా వచ్చేసింది అక్క. తర్వాత సముద్రం ఒడ్డున ఒక చిన్న లాడ్జిలో పొద్దుటి పలహారాలు వడ్డించే పని దొరికింది. ఇంగ్లీషు నేర్చుకుంటే, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే ముందు బల్ల దగ్గర కూచోబెడతానన్నాడు యజమాని. చర్చి హాల్లో సాయంత్రం క్లాసులో చేరింది. అమ్మ పోయాక ఒలిచే చేతులు తక్కువై నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. నన్నెవరూ ఏ బల్ల దగ్గరా కూచోమనలేదు.

ఆ వారం పాఠం ప్రైవసీ గురించి. "ఈవ్స్‌డ్రాప్," అని చదివి, "తలుపు వెనక నిలబడి వినడం," అని అర్థం చెప్పింది.

అమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "మన కొంపలో తలుపేదే, వెనక నిలబడటానికి? ఆ పాఠం డబ్బున్నోళ్ళకి. నువ్వు తర్వాతది చదువు."

అక్క నవ్వలేదు. నాకు అప్పుడే భయం వేసింది.

క్లాసులో ఆమెకు మైసా అని స్నేహితురాలు దొరికింది. జుట్టు నున్నగా చేయించుకుంటుంది, గోళ్ళకు రంగు. మొదట్లో మా గేటు దగ్గర నిలబడి, మా వైపు కొత్తవాళ్ళు పిలిచినట్టే చప్పట్లు కొట్టి, "ఇంట్లో ఎవరండీ?" అని పిలిచేది. ఆ చప్పట్లు వింటే నాకు హాయిగా ఉండేది, ఎంతైనా పరాయిదే కదా అని. కొన్నాళ్ళకు చప్పట్లు మానేసింది. నేరుగా కర్టెన్ తోసుకుని గదిలోకి పోయి నా ఊయల్లోనే కూచునేది.

ఒక మధ్యాహ్నం లోపల గుసగుస. "ఇంగ్లీషులో చెప్పవే, బయట చెవులున్నాయి," అంది మైసా. ఇద్దరూ నవ్వారు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు: సొంత గది, తాళంచెవి, నెలాఖరుకి నాతో వచ్చెయ్. నన్ను ఉద్దేశించి మైసా ఒక మాట అంది. దాని అర్థమూ నాకు తెలుసు. అయినదానికీ కానిదానికీ తల దూర్చేది అని. ఒలుస్తున్న చిప్ప వేలికి గుచ్చుకుంది.

మైసా వెళ్ళాక అడిగాను. "వెళ్ళిపోతావా అక్కా?"

అక్క ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు?"

"ఈ ఇంట్లో తెలియనిదేముంది."

"అదేనే గిల్దా నా బాధ," అంది. "పుట్టినప్పట్నుంచీ నేను తలుపేసుకుని ఒక్కసారీ ఏడవలేదు. మైసా గదికి లోపలి గడియ ఉంది. ఇంకా ఏమీ అనుకోలేదులే."

మైసా ఇవ్వగలిగేది ఒక్క గడియ. దాన్ని ఆమెకెందుకు వదలాలి? పడవలు చేసే జెనివాల్ మామ దగ్గరికి వెళ్ళాను. ఆయన పెరట్లో పగిలిన పడవ ఒకటి బోర్లా పడి ఉంది. అక్క గదికి తలుపు చేసిపెట్టమని తలెత్తకుండానే అడిగాను.

"గోడ సగమే, తలుపు మాత్రం నిండుగా కావాలా?" అన్నాడు. "పిల్లులు నవ్వుతాయి పిల్లా."

"నవ్వనీ మామా. లోపలి గడియ మాత్రం గట్టిది పెట్టు."

"మరి నాకేంటి?"

"కొబ్బరిపాలు పోసి సురురు వండి పెడతాను, తిననన్నదాకా."

పడవ పలకలతోనే చేశాడు. నీలం రంగు పోలేదు. బిగిస్తుంటే అమ్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "నా ఇంట్లో నాకు గడియా? రేపట్నుంచి నేను నిచ్చెనేసుకుని పలకరించాలా?" అక్క మాత్రం గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. చాలాసేపటికి బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను గట్టిగా పట్టుకుని, "ఎక్కడికీ వెళ్ళనులే," అంది. నా ఊయల నేనే విప్పి ముందు గదిలో కట్టుకున్నాను. గది ఆమెదంటే ఆమెదే.

శనివారం మైసా వచ్చింది. జరిగిందంతా అక్క చెప్పింది. మైసా తలుపు నిమిరి, "అబ్బ, ఎంత బాగుందే!" అని లోపలికి వెళ్ళింది. అక్క కూడా వెళ్ళింది. గడియ పడింది.

నేను చేయించిన గడియ. వినాలని కాదు గానీ, గోడ పైనుంచి మాటలన్నీ వస్తూనే ఉన్నాయి. పాఠం, నవ్వులు, మళ్ళీ పాఠం. గెలిచింది నేనే. అక్క ఎక్కడికీ పోలేదు. అయినా మైసా వెళ్ళి తన గదిలో తను కూచోవచ్చు కదా!

"గిల్దా!" గోడ పైనుంచి మైసా గొంతు. "కాఫీ ఉందా?"

"ఉంది," అన్నాను.

"గోడ మీంచి అందియ్యవా మరి?"

"కప్పులు మూడున్నాయి. గోడ మీంచి కుదరదు."

మూడు కప్పుల్లోనూ కాఫీ పోశాను. నేను పళ్ళెం పట్టుకుని తలుపుకు మరీ దగ్గరగా నిలబడ్డాను, గడియ తియ్యడానికి అక్క ఊయల దిగిన చప్పుడు వినబడేదాకా.