సింబల్ మీద గోళ్లరంగు చుక్క

డ్రమ్మర్ అన్నవాడు సొంత సింబల్స్ ఎప్పుడు కొనుక్కోవాలి అన్న విషయం మీద మా బావంత లోతుగా ఆలోచించిన మనిషి ఇంకొకడు ఉండడు. ఆలోచించి ఆలోచించి పంతొమ్మిదేళ్లపాటు కొనకుండా ఉన్న మనిషి కూడా ఇంకొకడు ఉండడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఒక పెద్ద హోటల్లో మధ్యాహ్న భోజనాల వేళ పాటలు పాడే బృందంలో డ్రమ్స్ వాయిస్తాడు. అదే హాల్లో ఓ మూల కూర్చుని ఎవరి మైకు ఎంత పెంచాలో, ఎవరిది ఎంత తగ్గించాలో చూసేవాణ్ని నేను. ఆ ఉద్యోగం ఇప్పించింది బావే కాబట్టి ఆయన గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. అయినా మాట్లాడతాను.

డ్రమ్స్ హోటల్ వాళ్లవి. వాటి మీద ఇత్తడి పళ్లేల్లా స్టాండ్లకు వేలాడే సింబల్స్ కూడా వాళ్లవే. అందులో పెద్దదానికి, పాట చివర ఠంగుమని మోగాల్సిన దానికి, అంచున బొటనవేలంత పగులు. బావ ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. వేరేవాడైతే మొదటి రోజే మేనేజర్ మీదికి వెళ్లేవాడు. ఆడలేనివాళ్లు మద్దెల ఓడు అంటారని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, కానీ మా బావ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అక్క గోళ్లరంగు సీసా జేబులో వేసుకొచ్చి, పగులుకు సరిగ్గా ఎదురు అంచున ఎర్రటి చుక్క పెట్టాడు. చుక్క తనవైపు, పగులు గోడవైపు ఉండేట్టు సింబల్‌ను తిప్పి, కదలకుండా స్టాండుకు దారం కట్టాడు. అప్పటినుంచి ఆ చుక్క దగ్గర మాత్రమే, అదీ నిద్రపోతున్న పసిపిల్లను జోకొట్టినట్టు, కొడుతూ వచ్చాడు. చుక్క చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ పెట్టేవాడు.

పాట చివర మాత్రం జోకొడితే సరిపోదు. అక్కడ బావ చెయ్యి ఎంతో ఎత్తుకు లేచేది, సింబల్‌కు జానెడు దూరందాకా వచ్చేది, చటుక్కున పక్కకు తిరిగి పెద్ద డ్రమ్ మీద పడేది. ధబ్. అంతే, పాట అయిపోయేది. రోజూ కిటికీ పక్కన కూర్చుని భోంచేసే రిటైర్డ్ లెక్చరర్ గారు ఒకరోజు నాతో అన్నారు.

"ఏం నిగ్రహమండీ ఆయనది! మిగతావాళ్లు రేకులు బాదుతారు. ఈయన వాయిస్తాడు."

ఆ మాట నేను బావకు చేరవేశాను. చేరవేయకుండా ఉండాల్సింది. ఆ రోజుతో పగులు కాస్తా శైలి అయిపోయింది. నిగ్రహం గల వాద్యకారుడిగా ఊళ్లో కొద్దిమందికి తెలిశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సలహా కోసం రావడం మొదలుపెట్టారు.

"సార్, సొంత సింబల్స్ ఎప్పుడు కొనుక్కోమంటారు?"

"తొందరపడకు నాయనా. చెయ్యి కుదరాలి. చెయ్యి కుదరందే సింబల్ పలకదు."

"చెయ్యి ఎప్పుడు కుదురుతుంది సార్?"

"మంచి సింబల్ మీద పదేళ్లు వాయిస్తే కుదురుతుంది."

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. అడిగినవాళ్లు అయోమయంగా దండం పెట్టి, తిన్నగా షాపుకెళ్లి కొనుక్కునేవాళ్లు. బావ మాత్రం తన సలహా తాను తు.చ. తప్పకుండా పాటించేవాడు.

అక్క దర్జీ పని చేస్తుంది. పెళ్లయిన మూడో ఏడు, వాళ్లాయన ఇవాళో రేపో కొనేస్తాడని నమ్మి, మందపాటి గుడ్డతో, లోపల దూది పెట్టి, గుండ్రంగా ఒక సంచి కుట్టింది. సింబల్స్ పెట్టుకోవడానికి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పదహారేళ్లుగా ఆ సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. అందులో ఇస్త్రీ పెట్టె ఉంటుంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, పేరున్న గాయని ఒకావిడ మా హాలుకు భోజనానికి వచ్చింది. పాటలన్నీ విని, చెయ్యి కడుక్కుని, తిన్నగా బావ దగ్గరికి వెళ్లింది.

"మీ నిదానం నాకు నచ్చిందండీ. గురువారం ఒక పాట రికార్డు చేస్తున్నాం. మీరు వాయిస్తారా? డ్రమ్స్ అక్కడే ఉంటాయి. సింబల్స్ మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి."

బావ ముఖం చూడాలి ఆ క్షణంలో. ఆయనకు జీవితంలో ఉన్నది ఒకే ఒక్క కోరిక. తను వాయించింది ఒక్కటైనా రికార్డులో ఉండాలి. హోటల్లో వాయించింది పప్పూ అన్నంతో పాటు జనం కడుపులోకి వెళ్లిపోతుంది, ఏం మిగలదురా అని నాతో చాలాసార్లు అన్నాడు. ఎంత వెక్కిరించినా ఆ మాట దగ్గర నేను నోరు మూసుకునేవాణ్ని.

అక్క అదే సాయంత్రం మా ఇద్దరినీ షాపుకు లాక్కెళ్లింది. షాపు ఆవిడ ఐదారు సింబల్స్ వరసగా పెట్టి, వాయించే పుల్ల బావ చేతికిచ్చింది. బావ ఒక్కోదాన్నీ చుట్టూ తిప్పి చూశాడు. ఏదో వెతుకుతున్నాడు. కనబడలేదు. చివరికి ఒకదాని అంచున మెల్లగా తట్టాడు.

"గట్టిగా కొట్టండి, పగలదు" అంది ఆవిడ.

ఇంకా మెల్లగా తట్టాడు. అయినా అది మోగింది. మోగుతూనే ఉంది.

"చాలాసేపు మోగుతోందండీ" అన్నాడు బావ, తప్పు పట్టినట్టు.

"మోగడానికేగా అండీ చేసింది."

"ఏమండీ, బాగుందిగా! తీసుకోండి" అంది అక్క.

"ఆలోచించాలి" అన్నాడు బావ. పంతొమ్మిదేళ్లు సరిపోలేదు పాపం.

బుధవారం మధ్యాహ్నం అక్క సంచిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి బల్ల మీద పెట్టి, ఖాళీ సంచి ఆయన భుజానికి తగిలించి పంపింది. సాయంత్రానికి సంచి నిండుగా తిరిగొచ్చింది. అక్క దాన్ని విప్పి చూడలేదు. పైనుంచి ఒకసారి చేత్తో నిమిరి, కొలత సరిగ్గా సరిపోయిందని మురిసిపోయింది.

గురువారం పొద్దున పది గంటలకు రికార్డింగ్ గదిలో, నా ఎదుటే, బావ సంచి జిప్పు లాగాడు. ముందు కనబడింది ఎర్రటి చుక్క.

"బావా! ఇది హోటల్‌ది కదా!"

"ఊరుకోరా. అలవాటైన చెయ్యి."

రికార్డింగ్ చేసే ఆయన అద్దం అవతల నుంచి ఒక్క దెబ్బ విన్నాడు. ఒక్కటే. స్పీకర్లోంచి గొంతు వచ్చింది. "ఏమండీ, అది పగిలినట్టుందే?"

పంతొమ్మిదేళ్లు నేను దాని మైకు తగ్గించి ఉంచాను. ఎవరికీ వినబడదులే బావా అని నేనే చెబుతూ వచ్చాను. ఆ గదిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డారో చెప్పడం కష్టం.

లోపలి గదిలోంచి వాళ్లదే ఒక మంచి సింబల్ తెచ్చి బిగించారు. పాట మొదలైంది. బావ బాగా వాయించాడు, అబద్ధం చెప్పను. చాలా బాగా వాయించాడు. చివరికొచ్చేసరికి చెయ్యి లేచింది, జానెడు దూరందాకా వచ్చింది, పక్కకు తిరిగింది. ధబ్.

"చివర్లో సింబల్ కొట్టండి. ఈ పాటంతా ఆ ఒక్క దెబ్బ కోసమే" అంది గాయని.

మళ్లీ ధబ్. మళ్లీ మళ్లీ ధబ్. కొట్టకూడదని కాదు, కొడదామనే చూశాడు. నుదుటి నిండా చెమట. చెయ్యి మాట వినలేదు. తొమ్మిదోసారి అయ్యాక గాయని లోపలికి వచ్చి, ఎంతో మర్యాదగా ఆయన చేతిలోంచి పుల్ల తీసుకుని, అద్దం అవతలి ఆయనకు సైగ చేసి, సింబల్ మీద ఒక్కటి వేసింది. గదంతా నిండిపోయింది.

"ఏం లేదండీ, అంతే" అంది. అది విడిగా రికార్డయింది. పాటకు అతికించారు.

నెల తిరక్కుండానే పాట బయటికొచ్చింది. కింద బావ పేరు వేశారు. విన్నవాళ్లందరూ ఒకటే మాట: చివరి దెబ్బ అదిరిపోయింది. బావ ఆ పొగడ్తలన్నీ తలొంచుకుని పుచ్చుకున్నాడు. జనం దాన్ని కూడా నిగ్రహమే అనుకున్నారు.

అక్క మిషను మీద ఫోను పెట్టి ఆ పాటే తిప్పి తిప్పి వినేది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లకు కొలతలకంటే ముందు పాట వినిపించేది. ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను.

"ఎన్నిసార్లు విన్నా ఆ చివరి దెబ్బ దగ్గర గుండె ఝల్లుమంటుందండీ" అంది అక్క.

బావ గోడవైపు తిరిగాడు.

"అది నేను కొట్టింది కాదు" అన్నాడు. "ఆ రోజు సంచిలో ఉన్నది కూడా నాది కాదు" అన్నాడు.

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఫోను ఆపేసింది. సింబల్ హోటల్లోనే ఉంటుందని బావ చెప్పాక సంచిలో మళ్లీ చేరిన ఇస్త్రీ పెట్టె తీసి, సంచి దులిపి, ఆయన ఒళ్లో పెట్టి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాకు ఆ మిషను చప్పుడే తిట్టులా వినిపించింది. బావకు ఎలా వినిపించిందో గానీ, లేచి చెప్పులేసుకున్నాడు.

షాపు ఆవిడ మళ్లీ సింబల్స్ వరసగా పెట్టింది. బావ ఈసారి తట్టి చూడలేదు. మొదటిసారి చాలాసేపు మోగినదాన్నే చూపించి, ఇది ఇవ్వండి అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అక్క మొట్టమొదటిసారి మా హాలుకు వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చుంది. బావ హోటల్ సింబల్ దారం తెంపి, దాన్ని తీసి మేనేజర్ గదిలో అప్పగించి వచ్చాడు. కొత్తది బిగించాడు. బిగించి, అలవాటు కొద్దీ జేబులోంచి గోళ్లరంగు సీసా తీశాడు. మూత కూడా తిప్పాడు. అప్పుడు అక్క కంట్లో పడ్డాడు. ఆవిడ చెయ్యి చాపింది. బావ వేదిక దిగి వచ్చి సీసా ఆ చేతిలో పెట్టాడు. అక్క తీరిగ్గా గోళ్లకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది.

నేను ఆ సింబల్ మైకును పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పైకి జరిపాను.

మొదటి పాట చివరికొచ్చింది. బావ చెయ్యి లేచింది. జానెడు దూరందాకా వచ్చింది. అక్కడ, నేను కళ్లారా చూశాను, ఒక్క క్షణం ఆగింది. తర్వాత పడింది.

అక్క చెయ్యి ఉలిక్కిపడి రంగు వేలంతా పులుముకుంది. సింబల్ మోగుతూనే ఉంది. బావ దానివైపు చూస్తూ, పూర్తిగా ఆగేదాకా పుల్లలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడనుకుంటాను, నాకు సరిగ్గా కనబడలేదు. నా కళ్లూ అలాగే ఉన్నాయి.

కిటికీ పక్క నుంచి లెక్చరర్ గారు చెంచా కింద పడేసుకుని, కోపంగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏమైందండీ ఈయనకి? ఇన్నేళ్ల ఆ నిగ్రహమంతా ఏమైపోయింది?"

"అది హోటల్ వాళ్లదండీ" అన్నాను. "ఇందాకే తిరిగి ఇచ్చేశాడు."