డ్రాయింగు మాస్టారి ద్వారబంధం

నా పెళ్లి ఒక ద్వారబంధం అంచు దగ్గర ఆగిపోబోయింది. నవ్వకండి. పూర్తిగా విన్నాక మీ ఇష్టం.

అరవైల నాటి మాట. నేను నందిగామ హైస్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. అద్దెకున్నది ఒంటిగది ఇల్లు. జగ్గయ్యపేటలో ఒక తాపీమేస్త్రి గారి అమ్మాయి మార్తమ్మను చూసి వచ్చాను. చూసిన దగ్గర్నుంచీ అన్నం సయించలేదు. "ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి మీ ఇల్లు చూస్తా బాబూ, అప్పుడు మాట చెబుతా" అన్నారు మేస్త్రి గారు.

ఇల్లు మెరిసిపోవాలని ద్వారబంధానికి ఆకుపచ్చ ఎనామిల్ వేయడానికి పూనుకున్నాను.

"పెయింటర్ని పిలవకపోయారా మాస్టారూ?" అన్నాడు పక్కింటి లారీ డ్రైవరు మస్తాను.

"గీత గీయడం నాకొకడు నేర్పాలా?" అన్నాను. అబ్బో, ఏం పొగరు!

ఎడమవైపు కుంచె జారి, తెల్లటి సున్నపు గోడ మీదికి రెండు వేళ్ల మేర పాకింది. గుడ్డతో తుడిస్తే నాలుగు వేళ్లయింది.

"దాన్నే బోర్డరు చేసెయ్యండి" అన్నాడు మస్తాను. చేశాను.

"కుడిపక్క కూడా అంతే ఉండాలి కదండీ!" వేశాను. అది జానెడైంది.

"ఇప్పుడు ఎడమది సన్నంగా కనపడతంది మాస్టారూ."

ఇలా సరిచేస్తూ, సరిచేస్తూ, శనివారం సాయంత్రానికి నాలుగు గోడలూ సరిచేసేశాను! మధ్యలో రంగు చాలక జగ్గయ్యపేటకు రెండుసార్లు బస్సెక్కాను. వీధి తలుపునీ, గోడ అలమర తలుపుల్నీ కూడా వదల్లేదు. పచ్చిమిరపకాయలో దూరిన పురుగుకి కూడా లోకం అంత పచ్చగా కనపడి ఉండదు.

ఆదివారం మేస్త్రి గారు వచ్చారు. లారీల దుమ్ము తడి రంగుకు అంటుకుంటుందని ఆయన వెనకే తలుపు మూసేశాను. ఆయన కూర్చుని నాలుగు వైపులా చూశారు. రంగు వాసనకి దగ్గు అందుకుంది. "కాస్త గాలి పీల్చుకొస్తా బాబూ" అని లేచి, తలుపనుకుని అలమర లాగారు. నేను హడావిడిగా అందులో కుక్కిన మాసిన బట్టలు, అంట్ల గిన్నెలు, ఖాళీ రంగు డబ్బాలు దబదబా ఆయన కాళ్ల మీద పడ్డాయి. ఆయన అరచెయ్యి కాస్తా ఆకుపచ్చగా మారింది.

"అది కాదండీ, తలుపు ఇటండీ!"

"పిల్లనిచ్చే సంగతి తర్వాత, ముందు నన్ను బయట పడెయ్ నాయనా!"

అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జరిగిందంతా చెప్పేశాను. సంబంధం పోయినట్టేనని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు.

"డ్రాయింగు మాస్టారివై ఉండి ఒక్క గీత నిలపలేకపోయావు. అయినా నాలుగు గోడలూ అయ్యేదాకా కుంచె దించలేదు చూడూ! మా మార్తకి కోపమెక్కువ బాబూ. నీలాంటోడైతేనే మధ్యలో వదిలిపెట్టడు."

మరుసటి నెలలో పాదిరిగారి ముందు రెండు ప్రమాణాలు చేశాను. భార్యను ప్రేమగా చూసుకుంటానని పైకి, బతికుండగా ఏ తలుపుకీ ఏ కిటికీకీ కుంచె తాకించనని మనసులో. మొదటిది నిలబెట్టుకున్నానో లేదో మార్తమ్మనే అడగండి. రెండోదాన్ని మాత్రం ఆవిడే దగ్గరుండి నిలబెట్టిస్తోంది.